బాకా మనిషి - ‘ట్రంపెటర్’ అనే మాట కథ

మొన్న క్లాసులో పాఠం మధ్య ‘ట్రంపెటర్’ అనే మాట తగిలింది. అర్థమేమిటని మాస్టారు అడగ్గానే వెనక బెంచీ నుంచి “బాకా ఊదేవాడండీ!” అని జవాబొచ్చింది. అందరూ గొల్లుమన్నారు. ఎన్నికల్లో ఎవరి వెంట ఎవరు తిరిగారో తెలిసినవాళ్ళం కదా, ఆ నవ్వు ఎవరి మీదికి పోయిందో చెప్పనక్కర్లేదు! జవాబు మాత్రం ముమ్మాటికీ సరైనదే.

ఇంగ్లీషుకు ఈ మాట ఫ్రెంచి నుంచి వచ్చింది. పాత ఫ్రెంచిలో ‘త్రోంప్’ అంటే బాకా. చిన్న బాకా ‘త్రోంపెత్’. ఏనుగు తొండాన్ని కూడా ఫ్రెంచివాళ్ళు ‘త్రోంప్’ అనే అంటారు. మనకు ఏనుగు ఘీంకరిస్తే ఇంగ్లీషువాడికి అది ‘ట్రంపెట్’ చేస్తుంది. ఫ్రెంచివాళ్ళు దీన్ని జర్మానిక్ భాషల నుంచి తీసుకున్నారనీ, ‘డ్రమ్’ లాగే ఇదీ ధ్వన్యనుకరణ వల్ల పుట్టిందనీ పండితుల అభిప్రాయం. పేకాటలో తురుపుకు వాడే ‘ట్రంప్’ దీని చుట్టం కాదు సుమా! అది విజయమనే అర్థమున్న ‘ట్రయంఫ్’ నుంచి వచ్చింది.

లాటిన్‌లో ఈ పనికి వేరే మాటలున్నాయి. రోమన్ సైన్యంలో తిన్నని బాకా ఊదేవాడు తుబికెన్, వంకర కొమ్ము ఊదేవాడు కొర్నికెన్, బుకినా ఊదేవాడు బుకినాతోర్. ఈ మూడోవాడు ఇప్పటికీ మన ముఖంలోనే ఉన్నాడు. బుగ్గలో ఊదడానికి సాయపడే కండరం పేరు బక్సినేటర్, మెడికల్ కాలేజీ మిత్రుల్ని అడగండి. ఉత్తర అమెరికాలో బాకాలా కూసే ట్రంపెటర్ హంస శాస్త్రీయ నామంలోనూ ఆ మాటే ఉంది. దక్షిణ అమెరికా అడవుల్లో ట్రంపెటర్ అనే మరో పక్షి జాతి ఉంది.

ఇక మనిషి సంగతి. ‘ట్రంపెటర్’ అనే రూపం స్థిరపడకముందు ఇంగ్లీషులో వాయిద్యమూ ‘ట్రంపెట్’టే, దాన్ని ఊదే మనిషీ ‘ట్రంపెట్’టే. మనమూ అంతే చేశాం. “వాడు ఫలానా ఆయన బాకా” అంటాం. ఊదేవాడే బాకా అయిపోయాడు! తనను తాను పొగుడుకునేవాణ్ణి చూసి ఇంగ్లీషువాళ్ళు “పాపం, వీడి ట్రంపెటర్ చచ్చిపోయాడు” అనేవారు. మనం వాయిద్యం మార్చి ‘సొంత డబ్బా’ అన్నాం.

ఊదేవాడికి బాధ్యత లేదా? ఈసప్ కథల్లో ఒక బాకావాడు శత్రువులకు చిక్కుతాడు. నేనెవర్నీ చంపలేదు, నా దగ్గర ఈ ఇత్తడి గొట్టం తప్ప ఏమీ లేదు, వదిలెయ్యండి అని బతిమాలతాడు. నువ్వు పోరాడకుండా అందర్నీ ఉసికొల్పావు, అందుకే నిన్ను వదలం అంటారు వాళ్ళు. సబబైన తీర్పే అనిపిస్తుంది నాకు. కాని ఆ గొట్టం పట్టుకున్న చేతికి కూడు ఎవరు పెడుతున్నారన్నది ఆ కథలో లేదు.

అది చరిత్రలో ఒకచోట దొరుకుతుంది. జాన్ బ్లాంక్ అనే నల్లజాతి వాద్యకారుడు ఇంగ్లండు రాజు ఏడో హెన్రీ కొలువులో ఉండేవాడు. 1507 నాటి జీతాల పద్దులో అతన్ని ‘నల్ల ట్రంపెట్’ అని రాశారు. మనిషి కాదు, బాకా! జీతం రోజుకు 8 పెన్నీలు. 1511లో, ఎనిమిదో హెన్రీకి కొడుకు పుట్టిన సంబరాల్లో అతను గుర్రమెక్కి, తలపాగాతో బాకా ఊదుతున్న బొమ్మ నేటికీ ఉంది. చనిపోయిన తోటి వాద్యకారుడి స్థానం తనకిప్పించమనీ, ఈ జీతం చాలడం లేదు, 16 పెన్నీలు చెయ్యమనీ అతను ఎనిమిదో హెన్రీకి అర్జీ పెట్టుకున్నాడు. రాజు ఒప్పుకున్నాడు. 1512లో అతని పెళ్ళికి బట్టలు, టోపీ కూడా పంపాడు.