చక్రాల మీద చరిత్ర

తూర్పు కనుమల పాదాల చెంత, శారదా నదీ పరీవాహక ప్రాంతంలో చోడవరం ఉంది. ఇది ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో భాగం. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనతో అనకాపల్లి జిల్లాలో చేరింది. ఊరి నడుమ స్వయంభూ విఘ్నేశ్వరాలయం, చుట్టూ చెరకు తోటలు, వరి మడులు, కొబ్బరి చెట్లు. పడమటి దిక్కున నీలి గీతవలె కొండల వరుస. పుష్య మాసపు ఉదయాన పొగమంచు విడిపోకముందే ఈ ఊరి నుంచి సైకిలు మీద బయలుదేరిన వారికి పది కిలోమీటర్లు దాటకుండానే ఎన్నో శతాబ్దాల చరిత్ర ఎదురవుతుంది. ఆ చరిత్రను గుర్తించే చూపు మాత్రం వారికి ఉండాలి.

ప్రయాణ సాధనాన్ని బట్టి ప్రయాణికుని చూపు మారుతుంది. కారులో సాగేవానికి ఊళ్లు పేర్లుగా మాత్రమే మిగులుతాయి. కాలినడకన సాగేవాడు అన్నీ చూస్తాడు గాని ఒక పూటలో చూడగల దూరం స్వల్పం. సైకిలు ఈ రెండింటికీ నడుమ ఉంది. గంటకు పన్నెండు, పదిహేను కిలోమీటర్ల వేగంతో పోయే మనిషి బెల్లం వండే పెనాల కమ్మని వాసనను పీల్చగలడు, గట్టు మీది రైతు పలకరింపునకు బదులు పలకగలడు, రాతి మీద చెక్కిన అక్షరం కంటబడితే ఆ క్షణమే దిగి నిలబడగలడు. ఇంధనం అక్కరలేదు, శబ్దం లేదు, పొగ లేదు.

ఈ సాధనం వయస్సు రెండు వందల ఏళ్లకు కొంచెం ఎక్కువ. 1817లో జర్మనీ దేశస్థుడైన కార్ల్ ఫాన్ డ్రైస్ రెండు చక్రాల బండిని తయారు చేశాడు. దానికి తొక్కుడు పలకలు లేవు. కాళ్లతో నేలను తన్నుతూ నడపవలసి వచ్చేది. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ దాదాపు సమానమైన రెండు చక్రాలతో, వెనుక చక్రానికి గొలుసు కట్టి నిర్మించిన సైకిలే నేటి సైకిలుకు మూలరూపం. 1888లో జాన్ బాయ్‌డ్ డన్‌లప్ గాలి నింపిన రబ్బరు టైరును ప్రవేశపెట్టడంతో గతుకుల బాట మీద సైతం ప్రయాణం సుఖమయింది. మన పల్లెల్లో సైకిలు ఎన్నో కుటుంబాలకు బతుకుతెరువయింది. పాల బిందెలు, కూరగాయల గంపలు, గడ్డి మోపులు, తంతి తపాలా సంచులు దాని మీదనే ఊరూరా తిరిగాయి. గంటకింతని అద్దెకు తెచ్చుకొని, సీటు అందక కడ్డీ కిందుగా కాలు దూర్చి తొక్కుతూ, మోకాళ్లు దోక్కుపోయినా మానక సైకిలు నేర్చుకున్న తరాలెన్నో ఉన్నాయి.

ఐరోపాలో సైకిలు యాత్ర ఒక సంస్కృతిగా వికసించింది. ఫ్రాన్సులోని లువార్ నది వెంట సుమారు 900 కిలోమీటర్ల సైకిలు బాట ఉంది. నిశ్శబ్దమైన పల్లెలు, ద్రాక్షతోటలు, 1519లో నిర్మాణం మొదలైన షాంబోర్ వంటి కోటలు ఆ దారిలో ఎదురవుతాయి. లువార్ లోయలోని ప్రధాన భాగాన్ని యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దేశదేశాల వారు అక్కడికి వచ్చి రోజుకు ఒక కోటను చూస్తూ సాగిపోతారు. చోడవరం పరిసరాల్లో అటువంటి ప్రత్యేకమైన బాట లేదు. కాని నది ఉంది, పల్లెలున్నాయి, రాజ్యాలు ఏలిన ఊళ్లున్నాయి. కొరవడినది వాటిని గురించిన ఎరుక.

చోడవరం నుంచి మాడుగుల వైపు సాగే దారిలో మొదట చెప్పుకోదగిన ఊరు వడ్డాది. నేడు ఇది నాలుగు దారులు కలిసే ఒక వ్యాపార కేంద్రంగా కనిపిస్తుంది. మధ్యయుగంలో ఇది ఒక రాజ్యానికి పేరు. ఒడ్డాది మత్స్యరాజులు ఈ ప్రాంతాన్ని ఏలారు. ఈ వంశానికి చెందిన అర్జునుడు అనే రాజు వేయించిన రాగి శాసనం సమీపంలోని దిబ్బిడి గ్రామంలో లభించింది. అది శాలివాహన శకం 1191, అనగా క్రీ.శ. 1269 నాటిది. ఉత్కళ ప్రభువు జయత్సేనుడు తన కుమార్తె ప్రభావతిని సత్యమార్తాండునికిచ్చి వివాహం చేసి, ఒడ్డవాది దేశాన్ని ఏలుమని నియమించినట్లు ఆ శాసనం వంశకథను చెబుతుంది. సింహాచల దేవాలయ శాసనాల్లోనూ ఈ రాజుల ప్రస్తావన ఉంది. వారి కాలం గడిచిపోయింది. శాసనం పుటల్లో రాజ్యంగా కనిపించే పేరు ఇప్పుడు బస్సు ముందు పలక మీద గమ్యస్థానంగా కనిపిస్తుంది. ప్రతిరోజూ ఆ కూడలిలో బస్సు మారే విద్యార్థుల్లో ఎందరికి ఈ సంగతి తెలుసు?

వడ్డాది దాటి కొండల వైపు మరికొంత దూరం సాగితే మాడుగుల వస్తుంది. ఇది పూర్వపు జమీందారీ కేంద్రం. ఇక్కడి జమీందారులు తాము మత్స్య వంశీయులమని చెప్పుకొనేవారని ప్రతీతి. గోధుమ పాలు, నెయ్యి, జీడిపప్పులతో వండే మాడుగుల హల్వా రాష్ట్రమంతటా పేరుపొందింది. ఇక్కడి నుంచి పాడేరుకు పోయే ఘాట్ రోడ్డు మొదలవుతుంది. ఏజెన్సీ కొండల నుంచి దిగే సరుకులకు, మైదానం నుంచి ఎక్కే ఉప్పుకు, బట్టలకు ఇటువంటి కొండ పాదాల ఊళ్లే సంతలయ్యాయి. జమీందారీలు ఇటువంటి చోట్ల ఎందుకు వెలిశాయో పుస్తకంలో చదివిన దానికంటె, ఆ చివరి ఎత్తును సైకిలు మీద ఆయాసపడుతూ ఎక్కినవానికి బాగా బోధపడుతుంది. దారిని ఏలినవాడే దేశాన్ని ఏలాడు.

చోడవరానికి మరొక దిశలో, సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో అనకాపల్లి ఉంది. దేశంలోని పెద్ద బెల్లం విపణుల్లో ఇది ఒకటి. 1913లోనే ఇక్కడ చెరకు పరిశోధన కేంద్రం ఏర్పడింది. పట్టణానికి చేరువలోని శంకరం గ్రామంలో రెండు చిన్న కొండలున్నాయి. తూర్పుది బొజ్జన్నకొండ, పడమటిది లింగాలకొండ. సంఘారామం అనే మాట శంకరంగాను, బుద్ధుని కొండ బొజ్జన్నకొండగాను మారాయని పండితుల అభిప్రాయం. 1906లో అలెగ్జాండర్ రే ఆధ్వర్యంలో ఇక్కడ తవ్వకాలు ప్రారంభమయ్యాయి. సముద్రగుప్తుని బంగారు నాణెం, తూర్పు చాళుక్యుల రాగి నాణేలు బయటపడ్డాయి. కొండను తొలిచిన గుహలో స్తంభాల నడుమ ఏకశిలా స్తూపం నిలిచి ఉంది. లింగాలకొండ మీద వరుసలు వరుసలుగా మలచిన స్తూపాలు దూరానికి శివలింగాలవలె కనిపించడం వల్ల ఆ కొండకు ఆ పేరు వచ్చింది.

ఈ స్థలం ఒక చేదు పాఠాన్ని సైతం నేర్పుతుంది. ఏటా కనుమ పండుగ నాడు ఇక్కడ తీర్థం సాగుతుంది. ఆ రోజున కొండ మీది ఒక రూపాన్ని రాక్షసునిదిగా భావించి జనం రాళ్లు విసిరే ఆచారం చాలాకాలం కొనసాగింది. వారికి దురుద్దేశం లేదు. తాత విసిరాడు కనుక మనవడు విసిరాడు. అహింసను బోధించిన మహనీయుని ఆరామం మీద రాళ్లు పడటానికి కారణం ద్వేషం కాదు, అజ్ఞానం. చరిత్రకారులు, వారసత్వ పరిరక్షకులు ఊరూరా నచ్చజెప్పవలసి వచ్చింది. శత్రువుల దాడి నుంచి కట్టడాన్ని గోడ కాపాడుతుంది. తనవారి నిర్లక్ష్యం నుంచి దానిని కాపాడగలిగినది చదువు ఒక్కటే.

కోటను కోటగానే చూడగోరేవారు పూర్తి దినం కేటాయించుకొని విజయనగరం వరకు సాగాలి. 1713లో పునాది పడిన ఆ రాతికోట నేటికీ చెక్కుచెదరలేదు. దానికి ముఖ్య కారణం అది ఖాళీగా లేకపోవడమే. 1958లో ఏర్పడిన మాన్సాస్ సంస్థ విద్యాలయాలు ఆ కోట గోడల లోపల నడిచాయి. సైనికులు కాపలా కాసిన ద్వారాల గుండా విద్యార్థులు పుస్తకాలతో ప్రవేశించారు. ఆ దారికి కొంత ఎడంగా పద్మనాభం ఉంది. 1794 జూలై 10న ఈస్టిండియా కంపెనీ సేనలతో పోరాడి చిన విజయరామరాజు వీరమరణం పొందిన యుద్ధభూమి అది. మట్టికోటలు వానలకు కరిగిపోయాయి. మనుషులు వాడుకున్న కోట మాత్రమే నిలిచింది. వారసత్వ రక్షణలోని రహస్యం ఇందులోనే ఉంది.

సైకిలు యాత్రకు ఉత్సాహం ఒక్కటే చాలదు. చెరకు నరికే కాలంలో వెనుక దీపాలు లేని ట్రాక్టర్లు, బళ్లు రహదారుల నిండా తిరుగుతాయి. కనుక తెల్లవారిన తరువాత బయలుదేరి చీకటి పడకముందే ఇల్లు చేరాలి. తలకు శిరస్త్రాణం, సైకిలుకు ముందు వెనుక దీపాలు, పంక్చరు సామగ్రి, తగినంత నీరు తప్పనిసరి. ఎండాకాలం ఈ యాత్రకు అనుకూలం కాదు. 2014 అక్టోబరు 12న విరుచుకుపడిన హుద్‌హుద్ తుపాను ఈ ప్రాంతంలో అసంఖ్యాకంగా చెట్లను కూల్చింది. సైకిలు మీద పోయేవానికి తెలిసినంతగా చెట్టు నీడ విలువ మరెవరికీ తెలియదు.

సైకిలు కేవలం విహార సాధనం కాదు. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల తొలి ఏళ్లలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాది గ్రామీణ మహిళలు సైకిలు నేర్చుకున్నారు. బావికి, బడికి, బజారుకు పోవడానికి మరొకరి కోసం ఎదురుచూడవలసిన అవసరం వారికి తప్పింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ‘బడికొస్తా’ పథకం కింద ప్రభుత్వ పాఠశాలల తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్లు అందించారు. ఊరికి దూరంగా బడి ఉన్నదన్న కారణంగా చదువు మానవలసిన బాలికకు సైకిలు ఇచ్చేది స్వేచ్ఛ. ఐక్యరాజ్యసమితి 2018లో జూన్ 3వ తేదీని ప్రపంచ సైకిల్ దినోత్సవంగా ప్రకటించడంలోని అంతరార్థం కూడా ఇదే.

ఊరి పేరు వెనుక ఒక రాజ్యం ఉంటుంది. దిబ్బ కింద ఒక ఆరామం ఉంటుంది. గుడి ముంగిట నిలిచిన రాతి మీద ఒక దానశాసనం ఉంటుంది. వాటిని చూడటానికి విమానం ఎక్కనక్కరలేదు. సెలవు దినాన నలుగురు మిత్రులు, నాలుగు సైకిళ్లు, ఒక నోటు పుస్తకం చాలు. చూసినదానిని వ్రాసుకోవడం, పెద్దలను అడిగి తెలుసుకోవడం, రాతి మీద తన పేరు చెక్కకుండా తిరిగి రావడం విద్యార్థి ధర్మం. తన ఊరి చరిత్ర తెలిసినవాడు ఆ ఊరి రాయి మీద రాయి విసరడు.

పదాలు – అర్థాలు
పరీవాహక ప్రాంతం = నది నీరు పారే ప్రదేశం
విపణి = అంగడి, బజారు
సంఘారామం = బౌద్ధ భిక్షువుల నివాసం
ఏకశిల = ఒకే రాయి
శిరస్త్రాణం = తలకు రక్షణగా ధరించేది
ప్రతీతి = లోకంలో వ్యాపించిన మాట

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. చోడవరం పరిసరాల్లోని చారిత్రక స్థలాలను పాఠ్యాంశం ఆధారంగా వివరించండి.
2. ‘మనుషులు వాడుకున్న కోట మాత్రమే నిలిచింది’ – ఈ వాక్యాన్ని సమర్థిస్తూ వ్యాసం వ్రాయండి.

లఘు సమాధాన ప్రశ్నలు
1. దిబ్బిడి రాగి శాసనం విశేషాలు తెలపండి.
2. బొజ్జన్నకొండ నేర్పే పాఠం ఏమిటి?
3. సైకిలు బాలికలకు ఏ విధంగా స్వేచ్ఛను ఇస్తుంది?

ప్రాజెక్టు పని
మీ ఊరి పేరుకు గల కథను పెద్దలను అడిగి తెలుసుకొని ఒక పుటకు మించకుండా వ్రాయండి.