లిబియా: ఎడారి దేశపు రేవులు

పిల్లలూ! మీ తరగతి గోడమీద ఉన్న ఆఫ్రికా ఖండపు పటం దగ్గరకు వెళ్లండి. పై అంచున మధ్యధరా సముద్రం ఉన్నది. ఆ సముద్రపు ఒడ్డున, ఈజిప్టుకు పడమరగా, అల్జీరియా, ట్యునీషియాలకు తూర్పుగా ఒక పెద్ద దేశం కనిపిస్తుంది. అదే లిబియా. ఆ దేశంలో ఊళ్ల పేర్లు ఎక్కడెక్కడ రాసి ఉన్నాయో చూడండి. దాదాపు అన్నీ సముద్రం పక్కనే వరుసగా ఉన్నాయి కదూ! కింద అంతా ఖాళీ. ఆ ఖాళీయే సహారా ఎడారి. దేశంలో పదింట తొమ్మిది పాళ్లకు పైగా ఎడారే. ఏడాది పొడవునా పారే నది ఒక్కటి కూడా లేదు.

లిబియా తీరం పొడవు సుమారు 1,770 కిలోమీటర్లు. ప్రజలు తినే గోధుమలు, కట్టే బట్టలు, నడిపే కార్లు చాలా భాగం ఈ తీరాన ఉన్న రేవుల్లోనే దిగుతాయి. దేశం పైవారికి అమ్మే ఒకే ఒక పెద్ద సరుకు, ముడిచమురు, ఈ తీరంనుండే ఓడలకెక్కుతుంది. అయితే సరుకులు దిగే రేవులు వేరు, చమురు ఎక్కే రేవులు వేరు. మొదటివి ఊళ్లు. రెండోవి చాలావరకు ఊళ్లు కావు. ఈ తేడా గుర్తుంచుకొని ముందుకు చదవండి.

ముందుగా పాత రేవుల సంగతి చూద్దాం. పడమట ఉన్న ట్రిపోలీ దేశానికి రాజధాని. రెండువేల ఏళ్ల కిందట రోమనులు ఈ పట్టణాన్ని ఓయియా అనేవారు. దానికి తూర్పున ఖోమ్స్ అనే రేవు ఉన్నది. ఖోమ్స్ పక్కనే లెప్టిస్ మాగ్నా అనే ప్రాచీన నగరపు శిథిలాలున్నాయి. ఆ ఊళ్లో పుట్టిన సెప్టిమియస్ సెవెరస్ రోము చక్రవర్తి అయినాడు. పుట్టిన ఊరిమీద మమకారం కొద్దీ అక్కడ గొప్ప రేవు కట్టించాడు. రాతి గట్టులు, ఓడలకు దారి చూపే దీపస్తంభం అన్నీ అమర్చాడు. కాని కాలక్రమాన ఆ రేవులో మట్టి, ఇసుక మేట వేశాయి. ఓడలు నిలిచినచోట నేడు గడ్డి మొలుస్తున్నది. రేవు కట్టడం ఒక ఎత్తు, దానిని పూడిపోకుండా కాపాడుకోవడం ఒక ఎత్తు.

తూర్పున బెంఘాజీ దేశంలో రెండో పెద్ద నగరం. ఇంకా తూర్పుకు పోతే ఈజిప్టు సరిహద్దుకు దగ్గరలో టోబ్రుక్ ఉన్నది. టోబ్రుక్ కు ప్రకృతి ఇచ్చిన వరం లోతైన రేవు. మిగిలిన తీరంలో అంత మంచి రేవు దొరకదు. అందుకే రెండో ప్రపంచ యుద్ధంలో ఆ చిన్న ఊరికోసం పెద్ద సైన్యాలు పోరాడాయి. 1941 లో ఎనిమిది నెలలపాటు అది ముట్టడిలో ఉన్నది. 1942 జూన్ లో అది శత్రువు చేతికి చిక్కినప్పుడు, పట్టుబడిన సైనికుల్లో భారత దళంవారు కూడా ఉన్నారు.

1951 డిసెంబరు 24 న లిబియా స్వతంత్ర దేశమయింది. అప్పుడది లోకంలోని మిక్కిలి పేద దేశాల్లో ఒకటి. దాని రేవులనుండి ఆ రోజుల్లో ఏమి ఎగుమతి అయ్యేదో తెలుసా? కాగితం తయారీకి పనికివచ్చే ఒక రకం ఎడారి గడ్డి! దానితోపాటు, యుద్ధభూముల్లో విరిగి పడి ఉన్న టాంకుల, లారీల తుక్కు ఇనుము. ఒక దేశం గడ్డీ, తుక్కూ అమ్ముకొని ఎంతకాలం బతుకుతుంది?

1959 లో ఎడారి మధ్య జెల్తెన్ అనేచోట పుష్కలంగా చమురు పడింది. కాని చమురు ఉన్నది ఎడారిలో, కొనేవారు ఉన్నది సముద్రం అవతల. అందుకని సుమారు 170 కిలోమీటర్ల పొడవున గొట్టాలు వేసి, చమురును మర్సా ఎల్ బ్రేగా అనే చోటికి తెచ్చారు. 1961 లో అక్కడినుండి మొదటి చమురు ఓడ బయలుదేరింది. తరువాత పదేళ్లలోపే ఎస్ సిదర్, రాస్ లనూఫ్, జువైటినా, టోబ్రుక్ దగ్గరి మర్సా అల్ హరీగా అనే రేవులు ఒకదాని వెంట ఒకటి తయారయినాయి. అరబ్బీలో మర్సా అంటే ఓడలు లంగరు వేసేచోటు. రాస్ అంటే తల. సముద్రంలోకి తలలాగా పొడుచుకు వచ్చిన నేలను కూడా అలాగే అంటారు. పేరు వినగానే ఆ చోటు ఎలాంటిదో మీరే చెప్పవచ్చు.

1967 లో సూయజ్ కాలువ మూతపడి 1975 దాకా తెరుచుకోలేదు. పర్షియా సింధుశాఖ నుండి వచ్చే చమురు ఓడలు ఆఫ్రికా ఖండమంతా చుట్టి యూరపుకు పోవలసివచ్చింది. లిబియా చమురుకు కాలువతో పని లేదు. ఎదురుగానే ఇటలీ! పైగా అది గంధకం తక్కువగా ఉన్న మేలురకం చమురు. ఇక గిరాకీకి కొదవేమిటి? 1970 లో లిబియా రోజుకు 30 లక్షల పీపాలకు పైగా చమురు తీసింది. పీపా అంటే 159 లీటర్లు.

మళ్లీ పటం చూడండి. తీరం మధ్యలో సముద్రం లోపలికి చొచ్చుకు వచ్చి వంపు తిరిగిన చోటు సిర్టే సింధుశాఖ. ఎస్ సిదర్, రాస్ లనూఫ్, బ్రేగా, జువైటినా నాలుగూ ఈ వంపులోనే ఉన్నాయి. ప్రాచీన నావికులు ఈ వంపు పేరు చెబితేనే హడలిపోయేవారు. నీరు లోతు తక్కువ, అడుగున ఇసుక దిబ్బలు, దాక్కోవడానికి మంచి రేవు లేదు. మరి ఇక్కడనే చమురు రేవులు ఎందుకు కట్టారు? ఎడారిలోని చమురు బావులకు ఇదే దగ్గరి తీరం కనుక.

లోతు లేని తీరానికి పెద్ద ఓడ ఎలా వస్తుంది? రాదు. చమురే ఓడ దగ్గరికి పోతుంది. ఒడ్డున ఇళ్లకంటె ఎత్తయిన గుండ్రని ఇనుప ట్యాంకులుంటాయి. ఎడారినుండి వచ్చిన చమురు వాటిలో నిలవ ఉంటుంది. అక్కడినుండి సముద్రం అడుగున గొట్టం వేసి, లోతున్నచోట నీటిమీద తేలే పెద్ద బోయాకు కలుపుతారు. బోయా అంటే గొలుసులతో సముద్రపు అడుగుకు కట్టిన ఇనుప తేలుడు. టాంకరు ఓడ వచ్చి దానికి మోకులు కట్టుకొంటుంది. రబ్బరు గొట్టాలు తగిలిస్తారు. గాలి ఎటు తిరిగితే ఓడ అటు బోయా చుట్టూ తిరుగుతూనే చమురు నింపుకొంటుంది, గుంజకు కట్టిన ఆవు చుట్టూ తిరుగుతూ మేత మేసినట్లు. సముద్రం పోటుమీద ఉంటే ఈ పని సాగదు. ఓడ దూరంగా వేచి ఉండవలసిందే.

హరీగా పద్ధతి వేరు. అక్కడ లోతు ఉన్నది కనుక ఓడ గట్టువద్దకే వస్తుంది. కాని అక్కడి కష్టం చమురుతోనే. ఎడారి నడుమ ఉన్న సరీర్ క్షేత్రంనుండి సుమారు 500 కిలోమీటర్ల గొట్టంలో చమురు హరీగాకు వస్తుంది. సరీర్ చమురులో మైనం ఎక్కువ. చలికాలంలో నెయ్యి గిన్నెలో పేరుకోవడం చూశారు కదా? ఈ చమురు కూడా చల్లబడితే అలాగే పేరుకుంటుంది. గిన్నెలోని నెయ్యిని పొయ్యి దగ్గర పెడితే కరుగుతుంది. వందల కిలోమీటర్ల గొట్టాన్ని ఏ పొయ్యి దగ్గర పెడతాం? అందుకే ఆ గొట్టంలో ప్రవాహం ఆగితే ఇంజనీర్లకు నిద్ర పట్టదు.

పడమటి వైపు జావియా రేవు ఉన్నది. అక్కడ చమురు శుద్ధి కర్మాగారం కూడా ఉన్నది. ఇంకొంచెం పడమట మెల్లితానుండి సముద్రం అడుగున ఇటలీలోని సిసిలీ దీవి దాకా సహజవాయువు గొట్టం వేశారు. 2004 లో అది పనిచేయడం మొదలయింది. మిస్రాతా పెద్ద సరుకుల రేవు, ఉక్కు కర్మాగారం ఉన్న ఊరు.

ఇక అసలు సంగతి. బావి, గొట్టం, ట్యాంకు, ఓడ: ఈ నాలుగూ ఒకే గొలుసు. రేవు మూసివేస్తే ఓడ రాదు. కొద్ది రోజుల్లో ట్యాంకులు నిండిపోతాయి. నిండిన ట్యాంకులోకి గొట్టం పారదు. అప్పుడు ఎక్కడో ఎడారిలో ఉన్న బావిని కూడా మూయవలసిందే. చమురు డబ్బు ఆగితే బడిలో పంతులుగారి జీతం, ఆసుపత్రిలో మందులు, రొట్టెకు కావలసిన గోధుమలు అన్నీ చిక్కులో పడతాయి. కనుక లిబియాలో తగాదా పడినవారందరి చూపూ ఈ రేవులమీదనే పడింది.

2011 లో దేశంలో అంతర్యుద్ధం వచ్చింది. నలభై ఏళ్లకు పైగా పాలించిన గడాఫీ ప్రభుత్వం కూలిపోయింది. ఆ యుద్ధం మొదలయిన రోజుల్లో అక్కడ పనిచేస్తున్న వేలాదిమంది భారతీయులు చిక్కుకుపోయారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. భారత ప్రభుత్వం స్కోషియా ప్రిన్స్ అనే ఓడను బెంఘాజీ రేవుకు పంపి, అక్కడివారిని ఈజిప్టులోని అలెగ్జాండ్రియాకు చేర్చింది. విమానాలు, ఓడలు కలిపి మొత్తం 15,000 మందికి పైగా భారతీయులను స్వదేశానికి తెచ్చారు. ఆ బెంఘాజీ రేవే 2014 లో పోరాటాలవల్ల మూతపడి, మళ్లీ 2017 లో గాని తెరుచుకోలేదు.

చమురు రేవుల కథ ఇంకా విచిత్రం. 2013 లో వాటికి కాపలా ఉండవలసిన దళమే వాటిని మూసివేసి కూర్చున్నది. కంచే చేను మేయడమంటే ఇదే. 2014 మార్చిలో వారు ఎస్ సిదర్ లో ఒక టాంకరు ఓడకు ప్రభుత్వ అనుమతి లేకుండా చమురు నింపి పంపించారు. అమెరికా నౌకాదళం సైప్రస్ దగ్గర ఆ ఓడను పట్టుకొని లిబియా ప్రభుత్వానికి తిరిగి అప్పగించింది. ఆ ఏడాది డిసెంబరులో ఎస్ సిదర్ ట్యాంకుకు రాకెట్టు తగిలింది. ఒక ట్యాంకులో పుట్టిన మంట పక్క ట్యాంకులకు పాకింది. ఆర్పడానికి రోజులు పట్టింది. 2016 సెప్టెంబరుకు గాని సిర్టే వంపులోని దిగ్బంధం వీడలేదు.

2020 జనవరిలో మళ్లీ రేవులు మూశారు. రోజుకు సుమారు 12 లక్షల పీపాలు తీసే దేశం లక్ష పీపాలకన్న తక్కువకు దిగజారింది. ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. సెప్టెంబరులో ఒప్పందం కుదిరింది. ఆ నెలలోనే హరీగా రేవుకు మళ్లీ టాంకరు ఓడలు వచ్చాయి. 2024 ఆగస్టు చివర, కేంద్ర బ్యాంకుకు అధిపతి ఎవరన్న తగాదాలో ఇంకొకసారి మూసి, అక్టోబరు మొదట్లో తెరిచారు.

కొత్త మాటలు
సింధుశాఖ: నేలలోకి చొచ్చుకు వచ్చిన సముద్ర భాగం.
మేట వేయడం: ఇసుక, మట్టి చేరి పూడిపోవడం.
మోకు: లావుపాటి తాడు.
దిగ్బంధం: రాకపోకలు లేకుండా అడ్డగించడం.

ప్రశ్నలు
1. సిర్టే వంపులో మంచి రేవు లేకపోయినా చమురు రేవులు అక్కడనే ఎందుకు కట్టారు?
2. రేవు మూసివేస్తే ఎడారిలోని బావిని ఎందుకు మూయవలసివస్తుంది? బొమ్మ గీసి చూపండి.
3. ఒక ఓడలో 6 లక్షల పీపాల చమురు నింపారు. అది ఎన్ని లీటర్లు?
4. మీరుండే దేశంలో ఒక రేవు పేరు చెప్పండి. అక్కడ ఏ సరుకులు దిగుతాయో, ఏవి ఎక్కుతాయో ఇంట్లో పెద్దవారిని అడిగి అయిదు వాక్యాలు రాయండి.