సూర్యునిలో దొరికిన వాయువు

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగునేల మీదుగా సాగింది. దానిని పరిశీలించడానికి ఫ్రాన్సు నుండి జాన్సెన్, ఆంగ్ల సేనాధికారి టెనంట్ గుంటూరుకు వచ్చారు. మద్రాసు వేధశాల ఖగోళజ్ఞుడు పాగ్సన్ మచిలీపట్నంలో బస చేశారు. గ్రహణ సమయాన్ని గణించడం మన పంచాంగకర్తలకు కొత్త కాదు. సూర్యుడు ఏ పదార్థంతో నిర్మితుడో తెలిపే సాధనం మాత్రం అప్పటికి కొత్తదే. అది వర్ణపటదర్శిని. కాంతిని రంగులుగా విడదీసి, అందులోని గీతలను బట్టి ఏ మూలకం వెలుగుతున్నదో అది తెలుపుతుంది.

చీకటి కమ్మిన ఆ ఐదు నిమిషాలలో, సూర్యబింబపు అంచున ఎగసిన జ్వాలల నుండి ప్రకాశవంతమైన గీతలు కనిపించాయి. ఆ జ్వాలలు తప్త వాయురాశులని, వాటిలో హైడ్రోజన్ ఉన్నదని తేలింది. ఇంత కాంతిగల గీతలను చూడటానికి గ్రహణమే ఎందుకని జాన్సెన్ తలచారు. మరునాటి ఉదయం నిండు వెలుగులోనే వాటిని చూడగలిగారు.

జాన్సెన్ గుంటూరులో హీలియంను కనుగొన్నారని తరచుగా వ్రాస్తుంటారు. అది సరికాదు. గ్రహణం లేకుండానే సౌరజ్వాలలను చూసే పద్ధతి ఆయన ఘనత. పసుపు గీత సోడియం గీతతో సరిగా కలియడం లేదని గుర్తించినవారు పాగ్సన్. పాపం, ఆయన నివేదిక పలువురికి చేరలేదు. ఆ అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ స్వతంత్రంగా ఆ గీతను చూసి, అది భూమిపై ఎరుగని మూలకానిదని భావించారు. సూర్యుని గ్రీకు నామమైన హీలియోస్ నుండి దానికి హీలియం అనే పేరు వచ్చింది. పలువురు శాస్త్రజ్ఞులు నమ్మలేదు. 1895లో రామ్సే ఒక యురేనియం ఖనిజం నుండి దానిని వెలికితీసేవరకు ఆ సంశయం తీరలేదు.

ద్రవ హీలియం ఉష్ణోగ్రత సున్నాకు దిగువన సుమారు 269 డిగ్రీల సెల్సియస్. మెదడులోని రక్తనాళాలను చిత్రించే ఎం.ఆర్.ఐ. యంత్రాలలోని అయస్కాంతాలను చల్లబరచడానికి నేడు దానినే వాడుతున్నారు.