మునిగిన ఓడ, చేపలకు గూడు

వయసు మళ్ళిన యుద్ధనౌకను ఏం చేస్తారు? విశాఖ వెళ్ళినవారు రామకృష్ణా బీచిలో ఒడ్డుకెక్కిన ‘కురుసుర’ జలాంతర్గామిని చూసే ఉంటారు. అది 2002లో ప్రదర్శనశాల అయింది. అన్నింటికీ ఆ భాగ్యం దక్కదు. చాలావాటిని కోసి తుక్కు ఇనుముగా అమ్ముతారు. కొన్నింటిని మాత్రం కావాలనే సముద్రంలో ముంచుతారు. ఈ వారం ఆ సంగతి తెలుసుకొందాం.

అమెరికా విమానవాహక నౌక ‘ఒరిస్కనీ’ 1950లో నౌకాదళంలో చేరింది. కొరియా, వియత్నాం యుద్ధాలలో పనిచేసింది. 1966 అక్టోబరు 26న దానిలో మంటలు చెలరేగి 44 మంది మరణించారు. 1976లో దానిని సేవ నుండి తప్పించారు. చివరకు 2006 మే 17న ఫ్లోరిడా రాష్ట్రంలోని పెన్సకోలా తీరానికి సుమారు 24 మైళ్ళ దూరాన, పేలుడు పదార్థాలతో రంధ్రాలు చేసి ముంచారు. సుమారు 270 మీటర్ల పొడవున్న ఆ ఓడ 37 నిమిషాలలో మాయమై, 65 మీటర్ల లోతున నిటారుగా కూర్చుంది.

అక్కడ సముద్రపు అడుగు చాలావరకు ఇసుక. కదిలే ఇసుకలో గుల్లలకు, స్పాంజీలకు పట్టు దొరకదు. ఉక్కు గోడ దొరికితే ముందు సూక్ష్మజీవుల జిగురు పొర, ఆపైన నాచు, గుల్లలు, మెత్తని పగడాలు అంటుకొంటాయి. వాటిని మేయడానికి చిన్న చేపలు, వాటి వెనుక పెద్ద చేపలు వస్తాయి. ఒకనాడు నావికులు పడుకొన్న గదులే వాటికి దాగుకొనే చోట్లు.

“ఇది చెత్తను సముద్రంలో పారవేయడం కాదా?” అని మీ పిల్లలు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. పాత ఓడలో చమురు, ఆస్బెస్టాస్, విద్యుత్ తీగెల తొడుగులలో పిసిబి అనే విష రసాయనం ఉంటాయి. పిసిబి త్వరగా విరిగిపోదు. చేపల కొవ్వులో చేరి, వాటిని తినేవారికీ అందుతుంది. ఒరిస్కనీని శుభ్రం చేసినా, తీగెలలో ఉన్న సుమారు 700 పౌన్ల పిసిబిని ప్రభుత్వ అనుమతితోనే వదిలివేశారు. తొలి సంవత్సరాలలో అక్కడ పట్టిన కొన్ని చేపలలో అది హద్దు మించి కనబడింది, తరువాత తగ్గింది. తగ్గింది కదా అని సరిపెట్టుకోవడం నాకు కష్టమే. ఆ తొలి చేపలను ఎవరో ఒకరు తినే ఉంటారు.

అదే ఫ్లోరిడాలో, ఫోర్ట్ లాడర్‌డేల్ వద్ద 1970లలో చేపల కోసమని సుమారు 20 లక్షల పాత టైర్లను దించారు. కట్లు తెగి అవి దొర్లి, పక్కనున్న సహజమైన పగడపు దిబ్బలనే దెబ్బతీశాయి. 2007లో సైనిక ఈతగాళ్ళను దింపి తీయించవలసి వచ్చింది.

ఇక 2023 ఫిబ్రవరి 3న బ్రెజిల్ తన పాత విమానవాహక నౌక ‘సావో పాలో’ను ఆస్బెస్టాస్‌తో సహా అట్లాంటిక్‌లో సుమారు 5,000 మీటర్ల లోతున ముంచివేసింది. అది చేపల గూడు కాదు, ఉత్త పారవేతే.

మరి ఓడల వద్ద చేపలు నిజంగా పెరుగుతున్నాయా, లేక వేరేచోటి నుండి వచ్చి గుమిగూడుతున్నాయా? శాస్త్రజ్ఞులలో ఈ వాదన ఇంకా తెగలేదు. గుమిగూడడమే నిజమైతే, గాలానికి అవి మరింత సులువుగా చిక్కుతాయి.