అమ్మకూ ఒక టీచరు కావాలి చెల్లీ

"నలుగురం కలిసి ఒక ప్రైవేటు క్లాసు తీసుకుంటే తలా కొంచెమే పడుతుంది కదా అక్కా?"

డిసెంబరు వచ్చిందంటే డాలస్ నుంచీ హ్యూస్టన్ నుంచీ పిల్లాపాపలతో కొలరాడో మంచుకొండలకి బయల్దేరే చెల్లెళ్ళు నన్ను అడిగే మాట ఇదే. లెక్క చూడ్డానికి బాగానే ఉంటుంది. స్కీయింగ్ గ్రూపు క్లాసుకి మనిషికింత అని తీసుకుంటారు. ప్రైవేటులో మాత్రం మనం కొనేది టీచరు టైము. పెద్ద రిసార్టుల్లో చాలాచోట్ల ఆరుగురి దాకా ఒకే ధర. పండగ రోజుల్లో రోజంతా అయితే వెయ్యి డాలర్లు దాటిపోతుంది. అయినా నాలుగు పెట్టి భాగిస్తే గ్రూపు ఫీజుకి అటూ ఇటూగానే తేలుతుంది.

కానీ ఆ నలుగురూ ఎవరో ఒకసారి చూడు చెల్లీ. ఆరేళ్ళ పాప, పదకొండేళ్ళ బాబు, వారం వారం క్రికెట్ ఆడే మరిదిగారు, మంచు మీద నిలబడ్డమే కొత్తయిన నువ్వు. మొదటి గంట అందరికీ ఒకటే పాఠం. ఆ బరువైన బూట్లతో నడవడం, పడడం, లేవడం, స్కీల ముందు కొసలు దగ్గరకి తెచ్చి ఆగడం. పిల్లలకి దీన్ని 'పిజ్జా' అని నేర్పుతారు. పైకి వెళ్ళడానికి మ్యాజిక్ కార్పెట్ అని మంచు మీద పరిచిన కదిలే పట్టీ ఉంటుంది, దాని మీద నిలబడితే చాలు. అక్కడిదాకా బాగానే నడుస్తుంది.

మధ్యాహ్నం కాకముందే బాబు చెయిర్‌లిఫ్ట్ ఎక్కడానికి రెడీ అయిపోతాడు. పాప అలిసిపోయి నీ చంక ఎక్కుతానంటుంది. నీకింకా ఆగడమే కుదరలేదు. ఉన్నది ఒక్క టీచరు. నిన్ను వదిలి బాబుతో పైకి వెళ్ళలేరు, బాబుని నిలబెట్టి నీతోనే ఉండిపోనూ లేరు. అప్పుడు నువ్వేమంటావో నాకు తెలుసు. "మీరు వెళ్ళండి, నేను పాపని చూసుకుంటాలే" అంటావు. అంతటితో నీ స్కీయింగ్ అయిపోయింది. లాడ్జిలో బెంచీల మీద కోట్లూ, సంచులూ, పులిహోర డబ్బా కాపలా కాస్తూ కూర్చున్న మన ఆడవాళ్ళని చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. వాళ్ళు రానన్నవాళ్ళు కాదు. వచ్చి, ప్రయత్నించి, మిగతావాళ్ళ కోసం తప్పుకున్నవాళ్ళు.

అందుకే నా మాట ఇది. పిల్లలని గ్రూపులో వెయ్యి. ప్రైవేటు డబ్బు నీ మీద పెట్టు.

పిల్లలకి గ్రూపు ఎందుకంటే, వాళ్ళు టీచరు మాట కన్నా పక్క పిల్లని చూసి ఎక్కువ నేర్చుకుంటారు. అమ్మ కనబడితే ఏడుపు, కనబడకపోతే ఆట. పైగా గ్రూపంటే దొరికినవాళ్ళని కలిపేసిన గుంపు కాదు. 1920ల్లో ఆస్ట్రియాలోని సెయింట్ ఆంటన్‌లో హన్నెస్ ష్నైడర్ అనే ఆయన తన స్కీ స్కూల్లో ఎవరికి ఎంత వచ్చో చూసి జట్లుగా విడదీసి నేర్పేవాడు. ఆయన్ని 1938లో నాజీలు అరెస్టు చేశారు, మరుసటి ఏడు అమెరికా చేరి న్యూ హాంప్‌షైర్‌లో నేర్పడం మొదలుపెట్టాడు. ఇవాళ నీ బాబుని ఒక జట్టులో, పాపని ఇంకో జట్టులో వెయ్యడం వెనక ఉన్నది ఆ పద్ధతే. బాబు ముందుకి పోతే పై జట్టుకి మారుస్తారు, ఎవరి కోసమూ ఆగక్కర్లేదు.

పిల్లల గ్రూపులు చాలాచోట్ల రోజంతా ఉంటాయి, మధ్యాహ్నం భోజనంతో సహా. బుక్ చేసేటప్పుడు ఫారంలో బీఫ్, పోర్క్ వద్దనో, శాకాహారమనో, వేరుశనగ పడదనో స్పష్టంగా రాయి. పొద్దున్న అప్పగించేటప్పుడు టీచరుకి నోటితోనూ చెప్పు. ఇంట్లో తెలుగే మాట్లాడే చిన్నపిల్లైతే బాత్‌రూమ్, ఆకలి, చలి, నొప్పి అనే నాలుగు మాటలూ ఇంగ్లీషులో చెప్పడం అలవాటు చెయ్యి. అప్పగించాక కంచె పక్కన నిలబడి చెయ్యి ఊపకు తల్లీ, వెళ్ళిపో.

పిల్లలందరికీ గ్రూపే సరిపోతుందని అనను. కొత్తవాళ్ళని చూస్తేనే బిగుసుకుపోయే పిల్లకి మొదటిరోజు ఒక్క గంటో రెండు గంటలో విడిగా నేర్పించి, తర్వాత గ్రూపులో వేస్తే మేలు. ఆటిజం ఉన్న పిల్లలకి, కాలో చెయ్యో సహకరించని పిల్లలకి ప్రత్యేక శిక్షణ పొందిన టీచర్లున్నారు. కొలరాడోలోని వింటర్ పార్క్‌లో నేషనల్ స్పోర్ట్స్ సెంటర్ ఫర్ ది డిజేబుల్డ్ 1970 నుంచీ ఈ పనే చేస్తోంది. మన వాళ్ళలో కొందరు తల్లులు 'మా వాడికి ఇవన్నీ ఎందుకులే' అని పిల్లాణ్ణి కారులోంచే మంచు చూపించి తీసుకొచ్చేస్తారు. అలా చెయ్యకండమ్మా. ముందుగా ఫోన్ చేసి అడగండి.

ఇక నీ సంగతి. కర్నూలు ఎండల్లో, బెజవాడ ఎండల్లో పెరిగినవాళ్ళం, నలభై ఏళ్ళొచ్చాక కాళ్ళకింద నేల జారితే భయం వెయ్యదా? వేస్తుంది. భయమేస్తే ఒళ్ళు వెనక్కి వాలుతుంది. బరువు వెనక్కి పోగానే స్కీల ముందు భాగం తేలికై, తిప్పితే తిరగదు, ఆపితే ఆగదు. దాంతో భయం రెట్టింపవుతుంది. మోకాలి కింది ఎముక బూటు ముందు భాగానికి ఆనేలా ముందుకి వంగాలి. ఈ ఒక్క సంగతి ఒంటికి ఎక్కడానికే ఓపికగా పక్కనుండి చెప్పే మనిషి కావాలి. పెద్దవాళ్ళ గ్రూపులో పదిమంది ఎదురుచూస్తుంటే సిగ్గుతో సగం వినం. ప్రైవేటులో టీచరు నీకెదురుగా వెనక్కి జారుతూ, నీ చేతులు పట్టుకుని దింపుతారు. ఆడటీచరు కావాలని అడగొచ్చు, మొహమాటపడకు. ఇక్కడి టీచర్ల సంఘం వాళ్ళకి మూడు లెవెళ్ళ సర్టిఫికెట్లు ఇస్తుంది. మొదటిసారికి మూడో లెవెల్ వాళ్ళే కావాలని వెతకక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.

ఖర్చెక్కువంటావా? ఆ ఆరుగురి లెక్క పనికొచ్చేది ఇక్కడే. ఇంటిల్లిపాదినీ ఒక క్లాసులో కట్టెయ్యడం మాని, కలిసి వచ్చిన రెండు మూడు కుటుంబాల్లో నీలాగే కొత్తగా నేర్చుకునే ఆడవాళ్ళందరూ కలిసి సగంరోజు ప్రైవేటు తీసుకోండి. అందరిదీ ఒకే స్థాయి, ఒకే భయం. తలా పంచుకుంటే గ్రూపు ధరకి దగ్గరకొస్తుంది, పక్కన మనవాళ్ళున్నారన్న ధైర్యమూ ఉంటుంది.

మరిదిగారిని పెద్దవాళ్ళ గ్రూపుకి పంపు. కొత్తవాళ్ళకి క్లాసు, లిఫ్ట్ టికెట్, అద్దె స్కీలు కలిపి ఇచ్చే ప్యాకేజీలుంటాయి. లవ్‌లాండ్ వ్యాలీ లాంటి చిన్నచోట్లు కొత్తవాళ్ళకే అనువుగా ఉంటాయి. ఒక్క సంగతి గట్టిగా చెబుతున్నా. నిరుడు రెండు రోజులు నేర్చుకున్న భర్త చేత స్కీయింగ్ నేర్చుకోకు. ఆయనకి రావడం వేరు, నేర్పడం వేరు. 'నేనున్నానుగా' అని నీలం చదరం గుర్తున్న వాలు మీదకి తీసుకెళితే వెళ్ళొద్దు. కొత్తవాళ్ళవి ఆకుపచ్చ వృత్తం గుర్తున్నవి మాత్రమే.

వీలైతే జనవరిలో, వారం మధ్యలో వెళ్ళండి. అప్పుడు గ్రూపులో ఒక్కోసారి ఇద్దరో ముగ్గురో ఉంటారు, గ్రూపు ధరకే దాదాపు ప్రైవేటు దొరికినట్టు. డాలస్ దాదాపు 500 అడుగుల ఎత్తు, కొలరాడో కొండల్లోని బ్రెకెన్‌రిడ్జ్ ఊరే 9,600 అడుగులు. ఆ ఎత్తు ఒంటికి అలవాటు కాకుండా దిగిన రోజే క్లాసు పెట్టుకుంటే తలనొప్పి, వాంతులతో సరిపోవచ్చు. నీళ్ళు బాగా తాగి, మర్నాడు మొదలుపెట్టండి. స్కీలు, బూట్లు ముందురోజు సాయంత్రమే తెచ్చుకోండి. ప్రైవేటు క్లాసు గడియారం బుక్ చేసిన టైముకే మొదలవుతుంది, నువ్వు అద్దె షాపు లైన్లో ఉన్నా ఆగదు. బూటులో ఒకే జత పల్చటి సాక్సు, జీన్స్ వద్దు. టీచరుకి టిప్పు ఇవ్వడం ఇక్కడి పద్ధతి, దానికీ కాస్త తీసి పెట్టుకో.

ఈసారి బుకింగ్‌కి కూర్చున్నప్పుడు ముందు నీ పేరు రాయి చెల్లీ. పిల్లలవీ మరిదిగారివీ ఆ తర్వాత రాసుకోవచ్చు.