గంజాయితో వచ్చే నిద్ర మంచి నిద్రేనా?

కెనడాలో 2018 నుండి లైసెన్సు ఉన్న దుకాణాలలో పెద్దలకు గంజాయి అమ్ముతున్నారు. ప్యాకెట్టు మీద "ఇండికా" అని ఉంటే ఒంటికి విశ్రాంతి, నిద్ర ఇచ్చే రకమని, "సటైవా" అని ఉంటే హుషారు ఇచ్చే రకమని చెప్పుకుంటారు. చదువుల కోసం అక్కడికి వెళ్ళిన మన పిల్లల చెవిన కూడా ఈ మాట పడుతుంది. "నిద్ర కోసమే కదా, తప్పేముంది?" అని అడిగేవారి కోసం ఈ పాఠం వ్రాస్తున్నాము.

ఇండికా అంటే ఏమిటి?

1785లో లామార్క్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త భారతదేశపు మొక్కలను చూసి ఈ పేరు పెట్టాడు. ఆ తరువాత రకాలన్నీ ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. కాబట్టి నేడు ఆ పేరును బట్టి లోపల ఏముందో నమ్మకంగా చెప్పలేము. మత్తు కలిగించేది టి.హెచ్.సి. అనే పదార్థం. అది ఎంత ఉంది, ఎలా తీసుకున్నారు, మనిషి శరీరతత్వం ఏమిటి అన్నవే ముఖ్యం.

శరీరంలో ఏమి జరుగుతుంది?

పొగ పీల్చితే కొద్ది నిమిషాలలోనే మత్తు మొదలై కొన్ని గంటలు ఉంటుంది. తింటే అరగంట నుండి రెండు గంటలు ఆలస్యంగా మొదలై ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. ఇంకా ఎక్కలేదని మళ్ళీ తినేవారు ఇక్కడే ప్రమాదంలో పడతారు. ఒళ్ళు బరువెక్కుతుంది, కళ్ళు ఎర్రబడతాయి, నోరు ఎండుతుంది, ఆకలి పెరుగుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది. లేచి నిలబడితే కళ్ళు తిరగవచ్చు. కొందరికి ప్రశాంతతకు బదులు విపరీతమైన భయం పుడుతుంది.

నిద్ర సంగతి

మొదట్లో త్వరగా నిద్ర పడుతుంది, నిజమే. కాని కలలు వచ్చే దశ తగ్గుతుంది. రోజూ వాడితే శరీరం అలవాటు పడి, అదే నిద్రకు ఇంకా ఎక్కువ కావలసి వస్తుంది. మానగానే ఒకటి రెండు రోజులలో నిద్రలేమి, చిరాకు, పీడకలలు, ఆకలి మందగించడం మొదలవుతాయి. "ఇది లేకపోతే నాకు నిద్ర రాదు" అనుకొని మళ్ళీ మొదలుపెడతారు. నిజానికి ఆ నిద్రలేమి చాలావరకు గంజాయి తెచ్చిపెట్టినదే. సాధారణంగా రెండు మూడు వారాలలో తగ్గుతుంది.

ఎవరికి ఎక్కువ ప్రమాదం?

* ఎదిగే వయసు పిల్లలకు. మెదడు సుమారు 25 ఏళ్ళ వరకు పరిపక్వమవుతూనే ఉంటుంది.
* ఇంట్లో ఎవరికైనా తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవారికి.
* గర్భిణులకు. బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు.
* గుండె జబ్బు ఉన్నవారికి, బండి నడిపేవారికి.
* మద్యం లేక నిద్రమాత్రలతో కలిపి తీసుకునేవారికి.

కుటుంబం ఏమి చేయాలి?

కొట్టడం, నలుగురిలో పరువు తీయడం వలన మేలు జరగదు. మత్తు దిగాక నెమ్మదిగా మాట్లాడండి. నిద్ర పట్టకపోవడానికి దిగులు, నొప్పి, రాత్రిళ్ళు ఫోను చూడడం వంటి కారణం ఉందేమో కనుక్కోండి. ఆపరేషనుకు ముందు గంజాయి వాడకం సంగతి డాక్టరుకు దాచకండి. ఎవరో వెంటాడుతున్నారని, లేని మాటలు వినిపిస్తున్నాయని అంటే, లేక చనిపోవాలనే మాట వస్తే, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. మత్తు మాన్పించే జాతీయ సహాయ కేంద్రం నంబరు 14446. మానసిక సహాయానికి టెలి మానస్ నంబరు 14416. రెండూ ఉచితమే.

మన దేశంలో 1985 చట్టం ప్రకారం గంజాయి వాడకం నేరం. అయినా ఆ భయంతో వైద్యానికి ఆలస్యం చేయకండి.