బొమ్మలు బీరువాలో ఎందుకమ్మా?

ఏమ్మా, మీ అంగన్‌వాడీకి వచ్చిన ఆటవస్తువుల కిట్టు ఇంకా బీరువాలోనే ఉందా? ముఖం చిన్నబుచ్చుకోకు, నీ భయం నాకు తెలుసు. పిల్లలు విరగ్గొడతారు, ఏదో ఒక ముక్క పోతుంది, సూపర్‌వైజర్ వచ్చి స్టాక్ రిజిస్టర్ తీస్తే ఏం చెప్పుకోవాలి? ఇప్పటికే గుడ్ల లెక్క, పాల లెక్క, ఫోన్‌లో ఎక్కించాల్సిన వివరాలు. వీటికి తోడు బొమ్మల లెక్క కూడానా అనిపిస్తుంది కదూ మనకి?

అన్నీ ఒకేసారి తియ్యమని ఎవరన్నారు చెప్పు? ఈ వారం నాలుగు రకాలు తియ్యి, చాలు. పిల్లల చేతికందే ఎత్తులో ఒక్కోటి ఒక్కో పళ్ళెంలో పెట్టు. వచ్చే వారం వాటిని లోపల పెట్టి వేరేవి తియ్యి. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి మన దేశపు టీచర్లకు శిక్షణ ఇచ్చింది. ఆమె పద్ధతిలో ఒక్కో సామాను గదికి ఒక్కటే ఉంటుంది. ఒకరు ఆడుతుంటే ఇంకొకరు ఆగాలి, ఆట అయ్యాక ఎక్కడిది అక్కడ పెట్టాలి. చాలడం లేదని మనం బెంగపడతాం, ఆమె కావాలనే ఒక్కటి ఉంచింది! ఇక ఏదైనా విరిగితే అదే రోజు తేదీ వేసి రిజిస్టర్‌లో రాసెయ్యి. వాడి వాడి అరిగిన బొమ్మకి ధైర్యంగా జవాబు చెప్పొచ్చు. కవరు కూడా తియ్యని బొమ్మకి ఏం చెబుతాం?

"మాకు కిట్టే సరిగా రాలేదక్కా" అంటావా? 2023లో కేంద్రం 3 నుంచి 8 ఏళ్ళ పిల్లల కోసం తెచ్చిన 'జాదుయీ పిటారా' పెట్టెలో ఉన్నవేమిటి? బొమ్మలు, పజిళ్ళు, చేతికి తొడిగి ఆడించే బొమ్మలు, కథల పుస్తకాలు, బొమ్మల కార్డులు. పాత చీర ముక్కతో చేతిబొమ్మ కుట్టుకోలేమా? తాటాకు, గవ్వలు, చింతపిక్కలు మన ఊళ్ళో లేవా? కొనే వీలుంటే ఏటికొప్పాక లక్కబొమ్మలు చూడు. అంకుడు కర్రతో చేస్తారు. బేరమాడే ముందు సహజ రంగులేనా అని మాత్రం అడుగు. ఒక్క జాగ్రత్త, తల్లీ. మూడేళ్ళలోపు వాళ్ళు గదిలో ఉంటే పిక్కలూ గవ్వలూ తియ్యకు. నోట్లోనో ముక్కులోనో పెట్టేసుకుంటారు. పెద్ద పిల్లలకైనా లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకో. ఆ లెక్క వాళ్ళ చేతే పెట్టించు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కార్డు పైకెత్తి "ఇది ఏనుగు" అంటే అందరూ ఒక్క గొంతుతో "ఏనుగు" అంటారు. మనకి తృప్తిగా ఉంటుంది. కానీ ఎవరికి వచ్చిందో, ఎవరు పక్కవాళ్ళని చూసి అన్నారో ఎలా తెలుస్తుంది? పది దాకా గడగడా చెప్పే పిల్లాడి ముందు చింతపిక్కలు పోసి "నాకు మూడు ఇవ్వు నాన్నా" అని అడిగి చూడు. గుప్పెడు తీసి ఇస్తాడు. వాడికి అంకెల వరస వచ్చింది గానీ, మూడంటే ఎన్నో ఇంకా తెలియదు. తప్పని కసరకు. నీ అరచేతిలో వాడి చేతే ఒక్కొక్కటీ పెట్టించు, "ఇంకొకటి వేస్తే ఎన్నవుతాయి?" అని అడుగు. అడిగాక కాసేపు ఊరుకో. మనకి ఊరుకోవడమే కష్టం! జవాబు నోటి చివరి దాకా వచ్చేస్తుంది. ఆపుకో. వాడు వెతుక్కునే ఆ కాసేపే చదువు.

మరి అమ్మలు ఊరుకుంటారా? "ఎప్పుడూ ఆటలేనా, పలక ఎప్పుడు పట్టిస్తారు?" అంటారు. వాళ్ళ మీద కోపం తెచ్చుకోకు, వాళ్ళదీ బిడ్డ మీది బెంగే. బంకమట్టి పిసికి, పూసలు గుచ్చి బలపడిన వేళ్ళకే బలపం పట్టు కుదురుతుందని నెమ్మదిగా చెప్పు. చెబితే నమ్మరు గాని చూస్తే నమ్ముతారు. కాబట్టి ఈ నెల ఈసీసీఈ డేకి వాళ్ళని పిలిచినప్పుడు ఉపన్యాసం పెట్టకు. పిక్కల పళ్ళెం మధ్యలో పెట్టి, అమ్మనీ బిడ్డనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, మూడు అడగమను.